ఖరోష్ఠిలో ఒక్క మాట, బోధిసిరి తవ్వించిన చెరువు

కంబదూరు నుంచి కళ్యాణదుర్గం, అక్కణ్ణుంచి రాయదుర్గం, సరిహద్దు దాటగానే బ్రహ్మగిరి. మన చెనిక్కాయ నేలకు అంత దగ్గర్లో అశోకుడి శాసనం ఉందని ఎంతమందికి తెలుసు? 1892లో బి.ఎల్. రైస్ దాన్ని వెలికితీశాడు. రాతంతా బ్రాహ్మి లిపి. చివరికొచ్చేసరికి చెక్కినవాడు చపడుడని తన పేరు చెప్పుకొని, 'లేఖకుడు' అనే అర్థమిచ్చే ఒక్క మాటను మాత్రం ఖరోష్ఠిలో, కుడి నుంచి ఎడమకు రాశాడు. ఖరోష్ఠి ఎక్కడిది? పెషావర్ వైపు గాంధార దేశానిది! ఆ ఒక్క మాట ముందు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. అంత దూరపు చదువు 2,200 ఏళ్ల కిందటే మన మెట్ట సీమ అంచుకు చేరింది.

ఆ శాసనంలోని ఆజ్ఞ వచ్చింది సువర్ణగిరి నుంచి. రామగిరి బంగారు గనులు చూసినవాళ్లకు ఆ పేరు కొత్తగా అనిపించదు.

ఇదే గాంధారం పేరు మరో 500 ఏళ్లకు కృష్ణ ఒడ్డున వినబడింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ. అక్కడ బోధిసిరి అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, ద్రవిడం వంటి దేశాల్లో ధర్మం బోధించినవాళ్లుగా వాళ్లను ఆమె శాసనం పేర్కొంటుంది. భూగోళం పాఠంలా ఉండే ఆ వరుస ఓ గృహిణి చేసిన దానం వివరాల్లో ఉంది.

ఆ ఇక్ష్వాకుల కుటుంబాల తీరే వేరు. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి బౌద్ధులకు మహాచైత్యం నిలబెట్టింది. ఇంట్లో ఎవరి నమ్మకం వారిదే.

డబ్బు సంగతికొస్తే, ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి రుద్రధరభట్టారిక అదే మహాచైత్యానికి 170 దీనారి మాషకాలు ఇచ్చింది. 'దీనారం' రోము నాణెం డెనారియస్ నుంచి వచ్చిన మాట. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. సరుకు వెళ్లిన దారినే నాణెం వచ్చింది, ఆ దారినే భిక్షువూ నడిచాడు.

విజయపురి విహారాల్లో ఒకటి బహుశ్రుతీయులది. బహుశ్రుతుడంటే బాగా విన్నవాడు. పుస్తకం కన్నా ముందు చెవే బడి అయిన కాలం అది.

చదువు ఇచ్చిపుచ్చుకోవడమెలా ఉండేదో చూడండి. 7వ శతాబ్దంలో చీనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ ధాన్యకటకంలో, మన అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలున్నాడు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం నేర్చుకున్నాడు. వాళ్లు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. అప్పటికే చీనా నుంచి నలందా దాకా పేరు మోసినవాడు ఇక్కడ శిష్యుడయ్యాడు!

ఇక విజయపురిని 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నూరుకు పైగా స్థలాలు తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీదా అనుపు ఒడ్డునా తిరిగి నిలబెట్టారు. నీటి కరువు తెలిసిన జిల్లావాళ్లం, ఆనకట్ట వద్దనలేం. మునిగిన ఊరి కోసం మాత్రం మనసు కలుక్కుమంటుంది.

మళ్లీ బోధిసిరి దగ్గరికి. ఆమె దానాల జాబితా ఒక్క చైత్యగృహంతో ఆగలేదు. కంటకసేల, అంటే ఘంటసాల రేవులో మహాచైత్యం తూర్పు గుమ్మం దగ్గర రాతి మండపం, వేరే విహారాల్లో భిక్షువులకు గదులు. వాటి నడుమ, పూర్వశైలమనే చోట, ఒక చెరువు.