సీటీలో ఏమీ లేదన్నారు, ఆయాసం మాత్రం తగ్గలేదు

విమానం దిగిన కొద్ది రోజులకే కాలు వాచడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందని తేలడం, ఇంజెక్షన్లు, మాత్రలు. మనల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నల విషయంలో ఇలాంటివి వింటూనే ఉంటాం. చాలామందికి మూడు నెలల చికిత్సతో గడ్డ కరిగిపోతుంది. కొద్దిమందికి కరగదు.

అలా మిగిలిన గడ్డ మెల్లగా గట్టిపడి మచ్చలా మారుతుంది. పాత నీళ్ల పైపులో పట్టిన గారలాగా ధమని లోపలి గోడకు అతుక్కుంటుంది, కొన్నిచోట్ల సాలెగూడు పోగుల్లా అడ్డం పడుతుంది. రక్తం పలచబడే మాత్రలు దీన్ని కరిగించలేవు (అలాగని మానకూడదు, కొత్తవి రాకుండా చూసేది అవే). ఆ ఇరుకు దారిలో రక్తాన్ని తోసి తోసి గుండె కుడిభాగం అలసిపోతుంది. డాక్టర్లు దీన్ని సీటీఈపీహెచ్ అంటారు. మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు, కళ్లు తిరగడం. "వయసైపోయింది కదా" అని మనం సరిపెట్టుకునేది ఇక్కడే.

చిక్కంతా స్కాన్‌తో. సీటీ యాంజియోగ్రామ్‌లో తాజా గడ్డ, తెల్లగా మెరిసే రక్తంలో నల్లటి ముక్కలా తెలిసిపోతుంది. గోడకంటిన పాత పొర అంత తేలిగ్గా కనిపించదు. 2007లో లండన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో ఈ జబ్బున్నవారిలో సీటీ పట్టుకున్నది సగం మందినే, వీక్యూ స్కాన్ నూటికి 96 మందిని. ఇప్పటి సీటీ యంత్రాలు చాలా మెరుగే, చూసేవారికి అనుభవం ఉంటే. అయినా ఈ అనుమానం వచ్చినప్పుడు ముందుగా చేయమనేది వీక్యూనే.

అందులో కిటుకు సులువే. రేడియోధార్మిక టెక్నీషియం అంటించిన సన్నని ప్రొటీన్ రేణువులను చేతి నరంలోకి ఎక్కిస్తారు, రక్తం చేరిన చోట అవి ఆగుతాయి. అలాంటి పదార్థాన్నే శ్వాసతోనూ పీల్పిస్తారు. గాలి చేరి, రక్తం చేరని భాగం కనిపిస్తే దారి మూసుకుందన్నమాట. సీటీకి వాడే అయోడిన్ మందు దీనికి అక్కర్లేదు, కాబట్టి షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్నవారికీ చేయవచ్చు.

తేడా కనిపిస్తే గుండెలోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలుస్తారు. కుదిరినవారికి ఆపరేషన్ చేస్తారు. శరీరాన్ని 20 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరచి, కాసేపు రక్తప్రసరణ ఆపి, ఆ పొరను ఒలిచి తీస్తారు. బ్రిటన్‌లో ఇది కేంబ్రిడ్జ్‌లోని రాయల్ పాప్‌వర్త్‌లో, అమెరికాలో ముఖ్యంగా శాన్ డియాగో యూనివర్సిటీ ఆసుపత్రిలో చేస్తారు. అందరికీ ఆపరేషన్ కుదరదు, వారికి బెలూన్ చికిత్స, మందులు ఉన్నాయి.

మనవాళ్లతో ఇబ్బంది ఏమిటంటే, ఆ మూడు నెలలు నిండేలోపే తిరుగు టికెట్ ఉంటుంది. ఇక్కడి డాక్టరు అక్కడ చూపించుకుంటారనుకుంటారు, అక్కడి డాక్టరుకు పాత స్కాన్ చేరదు. ఒట్టి రిపోర్టు కాగితం చాలదు, సీటీ బొమ్మలున్న సీడీ అడిగి తీసుకుని సూట్‌కేసులో కాక చేతి సంచిలో పెట్టండి. మూడు నెలల తర్వాతా ఆయాసం ఉంటే "ఎకో, వీక్యూ చేయాలా?" అని డాక్టరును సూటిగా అడగమనండి. వీక్యూ ప్రతి డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఉండదు, న్యూక్లియర్ మెడిసిన్ విభాగమున్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి.