తప్పు చూపిస్తే చాలదు, దిద్దుకునే దారీ చూపాలి



మన కంప్యూటర్ క్లబ్ పిల్లలు విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌కి ఒక చిన్న ప్లగిన్ రాశారు. తెలుగు మాటను తప్పుగా టైపు చేస్తే దాని కింద వంకర గీత పడుతుంది. బాగానే ఉంది. కానీ చిన్న తరగతి పిల్లలు ఆ గీత చూసి "తప్పేంది సార్?" అని అడుగుతున్నారు. తప్పుందని తెలిసింది, ఒప్పేదో తెలియలేదు. అందుకే ఇప్పుడు దానికి 'క్విక్ ఫిక్స్' చేరుస్తున్నారు. ఇంట్లో పిల్లలు దీని గురించి మాట్లాడితే మీకూ అర్థం కావాలని ఈ నాలుగు మాటలు.

క్విక్ ఫిక్స్ అంటే ఏమిటి?

గీత పడిన మాట మీద కర్సర్ పెడితే పక్కన చిన్న బల్బు బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కితే, లేదా కంట్రోల్, ఫుల్‌స్టాప్ కీలు కలిపి నొక్కితే, సూచనల జాబితా తెరుచుకుంటుంది. 'విద్యార్ధి' అని రాసి ఉంటే "విద్యార్థి అని మార్చు" అని కనిపిస్తుంది. మనం ఎంచుకుంటేనే మాట మారుతుంది. వద్దనుకుంటే కంట్రోల్, జెడ్ నొక్కితే పాతదే వస్తుంది.

లోపల జరిగేది

గీత గీసే భాగాన్ని డయాగ్నస్టిక్ అంటారు. తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, చూపాల్సిన సందేశం ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. కొత్తగా రాసే భాగం పేరు కోడ్ యాక్షన్ ప్రొవైడర్. కర్సర్ అక్కడికి రాగానే ఎడిటర్ దీన్ని పిలుస్తుంది. ఇది ఆ డయాగ్నస్టిక్‌ను చూసి ఒక్కో సూచనకు రెండు సంగతులు చెబుతుంది: జాబితాలో కనిపించే పేరు, ఫైల్లో చేయాల్సిన మార్పు.

సూచనలు ఎక్కడివి? మన మాటల పట్టికలోంచి. ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక మాట ఇంకో మాట అవుతుందో లెక్కగట్టే పద్ధతిని లెవెన్‌స్టైన్ అనే రష్యన్ గణిత శాస్త్రవేత్త 1965లో ప్రచురించారు. తక్కువ మార్పులతో కుదిరే మాటలు జాబితాలో ముందుంటాయి.

ఇక్కడే పిల్లలకు ఒక చిక్కు వచ్చింది. 'విద్యార్థి'లో మనకు కనిపించేవి మూడు అక్షరాలు. కంప్యూటర్‌కి మాత్రం హల్లులు, గుణింతాలు, పొల్లులు విడివిడిగా కలిపి పది. మూడని లెక్కేస్తే సగం మాటే మారి, మిగతా ముక్కలు తోకలా వేలాడతాయి.

అసలు జాగ్రత్త

సూచనకు 'ప్రిఫర్డ్' అనే గుర్తు పెట్టొచ్చు. అది ఉంటే ఆటో ఫిక్స్ ఆదేశంతో జాబితా చూడకుండానే మార్పు జరిగిపోతుంది. 'విద్యార్ధి' లాంటి స్పష్టమైన తప్పులకు తప్ప ఆ గుర్తు పెట్టొద్దని క్లబ్‌లో చెప్పాను.

కారణం ఉంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పాప వ్యాసంలో "చదువుతా ఉండాను" అని రాసింది. "చదువుతున్నాను" అని ఎర్రసిరాతో కొట్టేసి దిద్దాను. ఆ తర్వాత ఆ పాప ఏది రాసినా రెండు ముక్కల్లో ముగించేసేది. ఆమె రాసింది తప్పు కాదు, వాళ్లింట్లో మాట్లాడే తెలుగు. మన బెంగళూరులో, పక్కన చిత్తూరు, అనంతపురం వైపు ఎంతోమంది అట్లే మాట్లాడతారు. ఆ మాట పట్టికలో లేదంటే లోపం పట్టికది.

కాబట్టి ప్లగిన్‌లో ఇంకో సూచన కూడా ఉంటుంది: "ఇది మా ఇంటి మాట, పట్టికలో చేర్చు". పరీక్షలో ఏది రాయాలో మేం క్లాసులో చెబుతాం. అలాగే 'కళ' అనబోయి 'కల' అని టైపు చేస్తే గీతే పడదు, రెండూ సరైన మాటలే కదా. రాసింది మళ్లీ చదువుకునే పని ఎప్పటికీ మనదే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఇంట్లో అవ్వాతాతలు వాడే మాటలు ఓ పది కాగితం మీద రాసి, అర్థంతో సహా పిల్లల చేతికిచ్చి పంపండి. శనివారం క్లబ్ పీరియడ్‌లో వాటిని పట్టికలో చేరుస్తాం.

– ప్రధానోపాధ్యాయుడు