అద్దం మీద ‘తాలూకా’

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మాటలో ‘తాలూకా’ అంటే పాత రెవెన్యూ విభాగం మాత్రమే కాదు. కొత్త మనిషి కనిపిస్తే ‘ఎవరి తాలూకా?’ అని అడుగుతారు. ఏ ఇంటివాడు, ఏ ఊరివాడు, చివరికి ఏ కులంవాడు అని దాని భావం. 2024 ఎన్నికల వేళ ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అన్న అక్షరాలు బండ్ల నంబరు పలకల మీదికి ఎక్కినప్పుడు అందరూ దాన్ని అభిమానుల సరదాగా తీసుకున్నారు. సరదాయే కావచ్చు. కానీ నేనెవరినో చెప్పకుండా నా వెనక ఎవరున్నారో చెప్పే ఆ పలుకుబడి మాత్రం చాలా పాతది. వాహనాల అద్దాల మీద కులం పేర్లు, కుల నాయకుల బొమ్మలు చేస్తున్న పని కూడా అదే.

ఒకప్పుడు బండి మీద అక్షరం కావాలంటే ఆర్టిస్టు దగ్గరకు పోవలసి వచ్చేది. ఆ తరువాత ‘రేడియం షాపులు’ వచ్చాయి. రేడియం అనే మూలకం అక్కడ మచ్చుకైనా ఉండదు, మెరిసే రేకుకు జనం పెట్టుకున్న పేరది. కంప్యూటరులో గీసిన బొమ్మను యంత్రపు బ్లేడు వినైల్ రేకు మీద కోసి ఇస్తుంది. ఇప్పుడు ఆ దుకాణం మెట్టెక్కే అవసరం కూడా తీరింది. స్టిక్కరు కొరియరులో ఇంటికే వస్తుంది. కారును నీడపట్టున నిలిపి, దుమ్ము లేకుండా కడిగి, రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు చల్లి, వెనక కాగితం వలిచి రేకును ఆనించాలి. ప్లాస్టిక్ పలకతో మధ్య నుంచి అంచులకు నీటిని తోసేయాలి. బుడగ మిగిలితే సూదిమొనతో పొడిచి వేలితో అదమాలి. వంపుల దగ్గర హెయిర్ డ్రయర్ వేడి తగిలితే రేకు మెత్తబడి ఒదుగుతుంది. మొత్తం గంట పని.

ఈ సౌలభ్యంలో రెండు మార్పులున్నాయి. పూర్వం తన కులం పేరును తరచుగా మరో కులంవాడి కుంచెతో రాయించుకోవలసి వచ్చేది. పరాయి మనిషి ముందు నోరు విప్పి చెప్పడంలో కాస్తో కూస్తో సంకోచం ఉండేది. అది పోయింది. రెండోది, నా దృష్టిలో మరింత తీవ్రమైనది: కుల ప్రకటన ఇంటి ముంగిట ఆదివారపు వేడుకగా మారింది. తండ్రి రేకు అంటిస్తుంటే నీళ్ల సీసా పట్టుకుని నిలబడిన పిల్లవాడికి అది కులపాఠమని ఎవరూ చెప్పరు.

ఉత్తరాంధ్రలో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ ‘నాయుడు’ అన్న మాట ఒక్కటే కులాన్ని పట్టివ్వదు. కొప్పుల వెలమలూ నాయుళ్లే, తూర్పు కాపులూ నాయుళ్లే. పేరు చెప్పలేని తేడాను బొమ్మ చెబుతుంది. పైగా ఈ రెండు కులాలూ వెనుకబడిన తరగతుల జాబితాలోనివే. ఆధిపత్యం అనగానే అగ్రవర్ణాలను మాత్రమే చూపే అలవాటు ఈ నేల మీద చాలదు. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానతలో పైమెట్టు చేత అవమానపడినవాడికి కూడా కిందిమెట్టు ఒకటి మిగిలే ఉంటుంది.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో జరిగింది గుర్తు చేసుకోవాలి. మడ్డువలస జలాశయం కోసం సేకరించగా ముంపు బారిన పడకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకున్నందుకు, తూర్పు కాపు కులస్తుల దాడిలో ఐదుగురు దళితులు హతులయ్యారు. నాడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ మండలం నేడు విజయనగరం జిల్లాలో ఉంది. దాడికి కారణం భూమి, స్టిక్కరు కాదు. అయితే అటువంటి జ్ఞాపకం ఉన్న పల్లెల్లో, సంక్రాంతికి నగరం నుంచి వచ్చి నడివీధిలో ఆగిన కారు అద్దం మీది కులనామాన్ని అందరూ ఒకేలా చదవరు. ఒక వీధికి అది ముచ్చట, మరో వీధికి హెచ్చరిక.

‘మరి ఆటోల మీద జై భీమ్ మాటేమిటి, అదీ కులమే కదా?’ అని తరగతి గదిలో విద్యార్థులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. జై భీమ్ ఒక కులం పేరు కాదు, ఒక హక్కు పేరు అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ కులం పేరునే ధరించిన ఉద్యమమూ మనకుంది. 1994లో మొదలైన మాదిగ దండోరా, తిట్టుగా వాడిన మాటను పేరు చివర బిరుదుగా నిలిపింది. కాబట్టి ఏం రాశారన్నది కాదు, రాసినందుకు ఎవరు ఏం చెల్లిస్తున్నారన్నది చూడాలి. 2015లో షిర్డీలో అంబేడ్కర్ పాటను రింగ్‌టోన్‌గా పెట్టుకున్న దళిత యువకుణ్ణి చంపేశారు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చబోతేనే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పెద్ద కులం స్టిక్కరు అంటించినందుకు అలాంటి మూల్యం చెల్లించినవారు నాకు తెలిసి లేరు. ఆ స్టిక్కరు చెక్‌పోస్టు దగ్గర పనికొస్తుందనే నమ్మకంతోనే చాలామంది దాన్ని అంటిస్తారు.

2025 సెప్టెంబరు 16న అలహాబాద్ హైకోర్టు వాహనాలపై కుల చిహ్నాలను తప్పుపట్టింది. అదే నెల 21న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వాటి తొలగింపునకు, పోలీసు రికార్డుల్లో కుల ప్రస్తావన నిలిపివేతకు ఉత్తర్వులిచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులను మినహాయించింది. ఆ మినహాయింపులో ఉన్న వివేకం రోడ్డు మీద చలానా రాసే చేతికి ఉంటుందా? నంబరు పలక మీద నంబరు తప్ప మరేదీ ఉండరాదని నిబంధన ఎప్పటినుంచో ఉంది. అయినా ‘తాలూకా’లు తిరిగాయి. ఇటువంటి ఉత్తర్వు మన దగ్గరకూ వస్తే ముందు ఆగేది జై భీమ్ ఆటోయా, కుల నాయకుడి బొమ్మ ఉన్న కారా అన్నది ఊహించడానికి పరిశోధన అక్కరలేదు.

చట్టం కన్నా ముందు ఈ స్టిక్కరును ఊడబెరుకుతున్నది పాత కార్ల బేరం. పరాయి కులం బొమ్మ ఉన్న బండికి కొనేవాళ్లు తగ్గుతారు. అందుకే యజమానే అమ్మకానికి ముందు వేడి గాలి తగిలించి రేకు వలుస్తాడు, జిగురును కిరోసిన్ గుడ్డతో తుడుస్తాడు. బానెట్ మీద ఎండకు వెలిసిన రంగు నడుమ, రేకు కింద దాగిన చోట మాత్రం పాత రంగు నిగనిగలాడుతూ బొమ్మ ఆకారం అలాగే ఉంటుంది. బేరగాడు ముందు అక్కడే వేలు పెట్టి ధర తగ్గించమంటాడు.