మోటారు పడవకు ఎంత తొట్టి కావలెను?

మోటారు పడవ కొనదలచినవారు ఇంజను శక్తిని గూర్చి పదిమందిని విచారింతురు. పెట్రోలు తొట్టి విషయమున మాత్రము అమ్మువాడు ఇచ్చినదే చాలునని ఊరకుందురు. నడిబాటలో కారు ఆగినచో దిగి త్రోయవచ్చును. నడి గోదావరిలో పడవ ఆగినచో దానిని నడపునది ప్రవాహమే గాని మనము కాము. కావున తొట్టి పరిమాణమును ముందుగా లెక్కించుకొనుట ప్రాణరక్షణకు సంబంధించిన పని యని మేము మనవి చేయుచున్నాము.

లెక్క కష్టమైనది కాదు. చిన్న ఫోర్‌స్ట్రోక్ పెట్రోలు ఇంజను పూర్తి వేగముతో నడచునపుడు, అశ్వశక్తి ఒక్కింటికి గంటకు సుమారు 0.35 లీటరు త్రాగును. అనగా 10 అశ్వశక్తుల ఇంజనుకు గంటకు మూడున్నర లీటర్లు. ఇంజనుతో వచ్చిన పుస్తకమున అంకె ఉన్నచో దానినే గ్రహింపవలెను.

నిలకడ నీటిలో గంటకు 10 కిలోమీటర్లు పోవు పడవ, 15 కిలోమీటర్లు పోయి వచ్చుటకు 3 గంటలు పట్టును. ఏటి ప్రవాహము గంటకు 5 కిలోమీటర్లు అనుకొందము. ఎదురేటిలో కోల్పోయిన కాలము వాలునకు వచ్చునపుడు కలిసివచ్చునని పలువురు తలతురు. అది పొరపాటు. ఎగువకు పడవ వేగము 5 కిలోమీటర్లే గనుక 3 గంటలు పట్టును. దిగువకు వేగము 15 గనుక 1 గంట. మొత్తము 4 గంటలు, 14 లీటర్లు.

12 లీటర్లతో రేవు విడిచి మొదట దిగువకు పోయినవానిని చూడుడు. పోవుటకు మూడున్నర లీటర్లే అగును గనుక అతనికి ధైర్యము కలుగును. కాని మరలివచ్చునపుడు మిగిలిన ఎనిమిదిన్నర లీటర్లును రేవునకు సుమారు 3 కిలోమీటర్ల దిగువనే అయిపోవును.

ఈ లెక్కపై కొంత నిలువ ఉంచుకొనవలెను. మొత్తము ఇంధనములో రెండు పాళ్లు రాకపోకలకు, ఒక పాలు ఆపదకు అని అనుభవజ్ఞుల నియమము. 14 లీటర్ల ప్రయాణమునకు 21 లీటర్లు కావలెను. ఎండకు పెట్రోలు వ్యాకోచించును గనుక తొట్టిని అంచుల వరకు నింపరాదు. పదింట ఒక పాలు ఖాళీ విడువవలెను. కాబట్టి 25 లీటర్ల తొట్టి తగినది. 12 లీటర్లవి రెండున్నచో మరియు మేలు. ఒకదానిలో నీరు చేరినను రెండవది ఒడ్డు చేర్చును.

అట్లని మితిమీరిన తొట్టియు మంచిది కాదు. 50 లీటర్ల పెట్రోలు సుమారు 37 కిలోల బరువు. సగము నిండిన పెద్ద తొట్టిలో ద్రవము ఒక ప్రక్కకు ఒరిగి చిన్న పడవను మరింత ఒరుగజేయును. బహుకాలము నిలువయున్న పెట్రోలు చెడును.

కడపట ఒక హెచ్చరిక. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పడవ అడుగున చేరి నిప్పురవ్వకై కాచుకొనియుండును. ఎత్తదగిన తొట్టిని ఒడ్డున దింపి, బీడీ, పొయ్యి, లాంతరు దూరముగా నుంచి నింపవలెను. ప్రయాణమునకు ముందు ఈ లెక్కకు పట్టునది అయిదు నిమిషములే. ఒడ్డున మనకై ఎదురుచూచువారికి అది గొప్ప నిశ్చింత.