జీడితోటలో 10 కిలోమీటర్లు: ఎనిమిది మంది.. ఆరు చోట్లు!

పరిగెత్తేది ఎనిమిది మంది అబ్బాయిలు. లిస్టులో చోటు ఆరుగురికే. ఆ ఇద్దరెవరో ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా తేలిపోతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఓ చిన్న డిగ్రీ కాలేజీ టీమ్ ఇది. వాళ్ల ఆట క్రాస్ కంట్రీ. ట్రాక్ ఉండదు, లైన్లు ఉండవు. మట్టి, ఇసుక, గడ్డి, గట్లు.. దారి ఎలా ఉంటే అలా 10 కిలోమీటర్లు ఉరకడమే. అసలు సెలక్షన్ మీట్ ఇంకా రెండు నెలలుంది. ఆగస్టులో జరిగే ఈ మీట్ సీజన్ మొదట్లో ఒంటిని, ఓపికని పరీక్షించుకోవడానికి. ‘ప్రాక్టీస్ మీటే కదా’ అని చుట్టుపక్కల కాలేజీలు తేలిగ్గా తీసుకుంటాయి. వీళ్లకి ఆ సౌకర్యం లేదు. సెలక్షన్‌కి ఆరుగురికి మించి ప్రయాణ ఖర్చులు, జెర్సీలు ఇవ్వలేమని కాలేజీ చెప్పేసింది. అందుకే ఫిజికల్ డైరెక్టర్.. పిల్లల భాషలో పీడీ సార్.. ముందే తేల్చేశారు. ‘ఈ రేసులో వచ్చిన ఆర్డరే లిస్టు. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడిస్తే లాభం లేదు.’

వాళ్లతో రెండు రోజులున్నాను. శనివారం ప్రాక్టీసు, ఆదివారం రేసు.

ప్రాక్టీసంటే పెద్ద ఏర్పాట్లేమీ ఊహించుకోకండి. ఊరి బయట రోడ్డు, దాని పక్కన కరెంటు స్తంభాలు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ప్రాణం పెట్టి పరుగు, తర్వాత రెండు స్తంభాలు నెమ్మదిగా జాగింగ్. మళ్లీ పరుగు. స్వీడన్ వాళ్లు దీన్ని ఫార్ట్‌లెక్ అంటారు, వేగంతో ఆట అని అర్థం. మనోళ్లు ‘స్తంభాలాట’ అంటారు. నాకైతే రెండో పేరే నచ్చింది. వారానికి రెండు రోజులు బీచ్ దగ్గర ఇసుకలో పరుగు. ఇసుకలో పది అడుగులు వేస్తే ఆరు అడుగులే ముందుకెళ్లినట్టుంటుంది. పిక్కలు పట్టేస్తాయి. కానీ అది అలవాటైనోడికి మట్టిదారి మహారాజ మార్గం.

ఈ జిల్లాలో తెల్లవారుజామున రోడ్ల మీద పరిగెత్తే కుర్రాళ్లు కొత్తేమీ కాదు. ఆర్మీ భర్తీ దగ్గర పడిందంటే ఊరికో గుంపు కనిపిస్తుంది. అయితే వాళ్ల లెక్క వేరు. అగ్నివీర్ ర్యాలీలో 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు పూర్తిచేస్తే 60కి 60 మార్కులు. అందరి కన్నూ ఆ ఐదున్నర మీదే. ఈ టీమ్‌లోనూ ఎక్కువమంది అలా మొదలైనవాళ్లే. 1600 బాగా ఉరికినోడిని పీడీ సార్ పట్టుకుని, ‘దీనికి ఆరు రెట్లు ఉరుకుతావేట్రా?’ అని అడుగుతారు. సగం మంది ఆ ప్రశ్నకే పారిపోతారట.

పారిపోనివాళ్లలో ఫస్టియర్ బీఎస్సీ కుర్రాడొకడు. టీమంతా చిన్నోడు అంటారు. 1600 మీటర్లు 4 నిమిషాల 50 సెకన్లలో కొట్టేస్తాడు. 10 కిలోమీటర్ల రేసు మాత్రం ఎప్పుడూ ఉరకలేదు. ‘భయంగా లేదా?’ అంటే, ‘ముందుంటే భయమేటన్నా? ఎనకుంటేనే కదా’ అన్నాడు.

ఇంకొకడు సెకండియర్ బీకాం. వాడు శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి రాలేదు. శ్రావణ మాసం, పెళ్లిళ్ల సీజన్. క్యాటరింగ్ పనికి వెళ్లాడు. వడ్డన, ప్లేట్లు తీయడం, చివర్లో గిన్నెలు వ్యానెక్కించడం.. అర్ధరాత్రి దాటే దాకా నిలబడే ఉండాలి. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి టాటా వింగర్ ఎక్కినప్పుడు వాడి చొక్కా నుంచి ఇంకా మసాలా వాసన వస్తోంది. పీడీ సార్ వెనక్కి తిరిగి చూశారు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయపెట్టింది అందర్నీ.

‘మానేయొచ్చు కదా’ అని నేనే అడిగాను.

‘మానేస్తే ఫీజు ఎవరిస్తారన్నా?’ అని కళ్లు మూసుకున్నాడు. పది నిమిషాల్లో నిద్రపోయాడు.

మీట్ జరిగేది ఉద్దానంలో. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉంటుంది కాబట్టి ఉద్యానవనం అనే మాట నుంచే ఆ పేరొచ్చిందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. దశాబ్దాల నాటి చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే నీడనిస్తున్నాయి. ఆ మొక్కల మధ్య ఇసుక దారిలో 2 కిలోమీటర్ల చుట్టు గీశారు. అబ్బాయిలు, అమ్మాయిలు అందరూ ఐదు చుట్లు తిరగాలి. ఈ సమానత్వం ప్రపంచ పోటీల్లోనూ చాలా ఆలస్యంగా వచ్చింది. వరల్డ్ క్రాస్ కంట్రీలో సీనియర్ మహిళలకు కూడా పురుషులతో సమానంగా 10 కిలోమీటర్లు పెట్టింది 2017 కంపాలా పోటీల నుంచే.

ఉద్దానం అనగానే మనకి గుర్తొచ్చే ఇంకో విషయం కిడ్నీ జబ్బులు. ఎందుకొస్తున్నాయో ఇదీ అని ఇంకా తేలలేదు. అందుకేనేమో, పీడీ సార్‌కి నీళ్ల విషయంలో చాదస్తం. మనిషికో బాటిల్, మూత మీద మార్కర్‌తో నంబరు. రేసుకి గంట ముందు ఎంత తాగారో ఒక్కొక్కరి బాటిల్ ఎత్తి చూస్తారు. ‘చెమట పోసినంత నీళ్లు పోయాల. ఇంజినుకి పోసినట్టు’ అంటారు. తాగనోడికి తిట్లు గ్యారంటీ.

ముందు అమ్మాయిల రేసు. ఈ కాలేజీ నుంచి ఇద్దరే. స్కోరుకి నలుగురు కావాలి కాబట్టి టీమ్ లెక్కలోకి రారు. ‘మా క్లాసులో ఇంకో ముగ్గురు మాకంటే బాగా ఉరుకుతారు. తెల్లారకుండా రోడ్డు మీదికి పంపరు ఇళ్లల్లో’ అంది వాళ్లలో ఒకమ్మాయి, జుట్టు గట్టిగా ముడేసుకుంటూ. 46 నిమిషాల్లో తొమ్మిదో స్థానంలో వచ్చింది. ముగింపు గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ‘ఇంకో చుట్టుంటే ఇద్దర్ని దాటేద్దును’ అంది. ఊరికే అన్న మాట కాదది. ఆఖరి చుట్టులో ఆమె ముందున్న ఇద్దరూ దాదాపు నడుస్తున్నారు.

ఏడుంపావుకి అబ్బాయిల రేసు. 64 మంది. స్కోరింగ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఎన్నో స్థానంలో వస్తే అన్ని పాయింట్లు. కాలేజీకి ఎనిమిది మంది దాకా ఉరకొచ్చు, ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరికి తక్కువొస్తే వాళ్లే విన్నర్. మన పరీక్షలకి పూర్తి రివర్స్. అంటే ఒక్క స్టార్ ఉంటే చాలదు. నాలుగోవాడు ఎక్కడున్నాడన్నదే అసలు కథ. అందుకే క్రాస్ కంట్రీలో జనం చూడాల్సింది ముందు వరసని కాదు, మధ్యలో ఊపిరాడక కొట్టుకునే గుంపుని.

విజిల్ పడగానే చిన్నోడు తారాజువ్వలా దూసుకుపోయాడు. మొదటి చుట్టు 6 నిమిషాల 28 సెకన్లు. వెనకున్న గుంపుకి 20 మీటర్లు ముందు. తోటలో జనం ఈలలేశారు. పీడీ సార్ మాత్రం తల పట్టుకున్నారు. ‘ఆడు 1600 ఉరుకుతన్నాడు. రేసు ఇంకా మొదలవలేదని ఆడికెవరు సెప్తారు?’ అన్నారు. రెండో చుట్టు సగంలో చిన్నోడి భుజాలు పైకి లేచాయి, తల పక్కకి వాలడం మొదలైంది. మూడో చుట్టుకొచ్చేసరికి పదిహేను మంది దాటేశారు.

దీన్ని నవ్వులాటగా తీసుకోకూడదు. ఈ ఆటలో వేడి, వేగం కలిస్తే ఎంతటివాళ్లయినా కూలిపోతారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీని భగ్గుమనే ఎండలో పెట్టారు. 38 మంది మొదలుపెడితే పూర్తిచేసింది 15 మందే. గెలిచిన ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. మిగతావాళ్ల అవస్థ చూశాక ఒలింపిక్స్‌లో మళ్లీ ఈ ఆట పెట్టలేదు.

అలాగని దీన్ని తీసిపారేయలేం. 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లతో 2024లో జాతీయ రికార్డు రాసిన అవినాశ్ సాబ్లే, ఆర్మీలో చేరాక మొదట ఉరికింది క్రాస్ కంట్రీయే. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో పేద రైతు కుటుంబం, సియాచిన్‌లో డ్యూటీ, తర్వాత యూనిట్ క్రాస్ కంట్రీ టీమ్. ఈ వ్యాన్‌లో అందరి ఫోన్లలోనూ ఆయన రేసు వీడియోలున్నాయి.

మళ్లీ తోటలోకి వద్దాం. కెప్టెన్, థర్డియర్ కుర్రాడు, లెక్కగా ఉరుకుతున్నాడు. నాలుగో స్థానంలో ఉండి, చివరి ఇసుక మలుపులో ఒకరికి లొంగిపోయాడు. ఐదో స్థానం, 34 నిమిషాల 40 సెకన్లు. మన రెండోవాడు 11, మూడోవాడు 17.

అసలు దెబ్బ అంతకుముందే, రెండో చుట్టులో తగిలింది. రాత్రి కురిసిన వానకి ఓ చోట బురద గుంటలా తయారైంది. ప్రాక్టీసులో ఎప్పుడూ మూడో స్థానంలో ఉండే కుర్రాడి కుడికాలి బూటు అక్కడే ఉండిపోయింది. బూట్లు వాళ్ల అన్నయ్యవి. కాలు 8, బూటు 9. వెనక్కొచ్చి, బురదలోంచి లాగి, వణికే చేతులతో లేసు కట్టుకునేసరికి ఇరవై మంది దాటిపోయారు. ఆ తర్వాత వాడి ముఖంలో రంగు లేదు.

అప్పుడు కనిపించాడు క్యాటరింగ్ కుర్రాడు. ఎక్కడి నుంచి వచ్చాడో తెలీదు. ఒకే వేగం, మొదటి చుట్టు ఎలాగో నాలుగోదీ అలాగే. మాట లేదు, హడావుడి లేదు. పెళ్లిలో సాంబారు బకెట్ పట్టుకుని పంక్తి పొడవునా నడిచినట్టు పోతున్నాడు. చివరి 300 మీటర్లలో ముగ్గుర్ని దాటాడు. 24వ స్థానం, 40 నిమిషాల 12 సెకన్లు. గీత దాటి పక్కనున్న జీడిచెట్టు కిందకెళ్లి కక్కుకున్నాడు. పీడీ సారే వెళ్లి వీపు రాశారు.

5, 11, 17, 24. మొత్తం 57. మూడో స్థానంలో వచ్చిన కాలేజీకి 55. రెండు పాయింట్ల తేడాతో కప్పు పోయింది. ‘రెండు పాయింట్లంటే ఇద్దరు మనుషుల్రా’ అన్నారు పీడీ సార్. పక్కనే బురద కాలితో కూర్చున్న కుర్రాడు తలెత్తలేదు.

పూరీ, బొంబాయి చట్నీ తింటుండగా మిగతా స్థానాలొచ్చాయి. చిన్నోడు 31. ఆరోవాడు 33. బూటు కుర్రాడు 38. చివరివాడు, మూడేళ్లుగా టీమ్‌లో ఉన్న ఫైనలియర్ కుర్రాడు, 41. తనకి ముందే తెలిసినట్టుంది, అందరికీ మంచినీళ్లు పోస్తూ తిరుగుతున్నాడు.

గొడవంతా 33, 38 మధ్య. బూటు ఊడకపోతే ఎవరు ముందొచ్చేవారో ఆ చెట్టు కింద అందరికీ తెలుసు. కెప్టెన్ నెమ్మదిగా, ‘సార్, ఆడి సంగతి ఒకసారి ఆలోచించండి’ అన్నాడు. 33లో వచ్చిన కుర్రాడు పూరీ పక్కన పెట్టేశాడు.

‘ఆడు నాకంటే ఫాస్టని నాకూ తెలుసు సార్. కానీ నాను బూటు బిగించుకునే ఎల్లాను కదా.’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పీడీ సార్ జేబులోంచి కాగితం తీసి, వచ్చిన ఆర్డర్లోనే ఆరు పేర్లు రాశారు. నా మటుకు నాకు ఆయన చేసిందే సరైనదనిపించింది. మాట మార్చుంటే వచ్చే నెల నుంచి ఆ మాటకి విలువుండదు. అయినా 9 నంబరు బూట్లలో 8 నంబరు కాలు పెట్టుకుని ఉరికినోడిని చూస్తూ ఆ మాట పైకి అనడం కష్టం. నేనూ అనలేదు.

తిరుగు ప్రయాణంలో బూటు కుర్రాడు ముందు సీటు మీదికి వంగాడు.

‘సార్, సొంత ఛార్జీలు పెట్టుకుని వస్తే సెలక్షన్‌లో ఉరకనిస్తారా?’

‘లిస్టులో పేరు లేకపోతే నంబరివ్వర్రా.’ ఒక నిమిషం ఆగి, ‘సోమవారం ఐదింటికి రా. స్తంభాలాట ఉంది. ఎవడికైనా కాలు పట్టేస్తే పేరు మార్చడానికి ఇంకా టైముంది’ అన్నారు.

వెనక సీట్లో క్యాటరింగ్ కుర్రాడి ఫోన్ మోగింది. కాంట్రాక్టర్. వచ్చే శనివారం రాత్రి ఇంకో పెళ్లి. వాడు కట్ చేసి, మెసేజ్ టైప్ చేశాడు. పక్కనే ఉన్నాను కాబట్టి కనిపించింది. ‘శనివారం అవ్వదన్నా. ఆదివారం రాత్రయితే వస్తాను.’

అవతల నుంచి జవాబు ఇంకా రాలేదు. వాడు ఫోన్ చేతిలోనే పట్టుకుని పడుకున్నాడు.