కొండ దిగునప్పటి బ్రేకు



సింహాచలము కొండమీది శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి యాలయము సముద్రమట్టమునకు సుమారు 800 అడుగుల యెత్తున నున్నది. మెట్లెక్కలేని వృద్ధులు ఘాటురోడ్డున వాహనములలో పోవుదురు. ఊరిలోని పాతకారును బాడుగకు మాటాడుకొని యింటిల్లిపాదియు బయలుదేరుటయు గలదు. అట్టి వేళ, ఈ కారు కొండ యెక్కునా యని యందఱును అడుగుదురు. క్షేమముగా దిగునా యని యడుగువారు తక్కువ. ఎక్కుట ఇంజను పని. దిగుట బ్రేకు పని. ఆ బ్రేకునకు బలము చేకూర్చు సాధనమును గూర్చియు, అది చెడినప్పటి గుర్తులను గూర్చియు నేడు మనవి చేసెదను. ఈ పరీక్షలకు పనిముట్లు అక్కఱలేదు. కాలును చెవియును చాలును.

డ్రైవరు పెడలు నొక్కినప్పుడు బ్రేకు ఆయిలు సన్నని గొట్టముల గుండ చక్రములకు పోయి, బ్రేకులను పట్టించును. బరువైన బండిని ఆపుటకు కాలిబలము చాలదు. అందుచేత డ్రైవరు ముందరి గోడకు ఆవలివైపున, రెండు మూకుళ్లను మూతికి మూతి చేర్చినట్లుండు నొక నల్లని రేకుడబ్బా నమర్తురు. దీనిని బూస్టరందురు. బెల్జియము దేశీయుడగు ఆల్బర్ట్ దెవాండ్ర్ 1927లో ఇట్టి సాధనమును రూపొందించెను.

డబ్బా నడుమ నొక రబ్బరు పొర యుండును. పెట్రోలు ఇంజను గాలి పీల్చునప్పుడు, ఒక రబ్బరు గొట్టము ద్వారా ఈ డబ్బాలోని గాలినిగూడ పీల్చివేయును. డీజిలు ఇంజనునకు ఇట్టి పీల్పు చాలదు గనుక వేఱుగా నొక పంపు నుంతురు. పెడలు నొక్కగనే పొరకు వెనుకప్రక్కకు మాత్రము బయటిగాలి ప్రవేశించి, పొరను ముందునకు నెట్టును. బొండములో గొట్టముంచి పీల్చినప్పుడు నీరు పైకి వచ్చుటయు ఈ బయటిగాలి త్రోపువలననే.

ఆ త్రోపు స్వల్పమని తలపరాదు. సముద్రమట్టమున గాలి ప్రతి చదరపు అంగుళముమీదను సుమారు 14.7 పౌనుల బరువుతో నొత్తుచుండును. పొరకు రెండు ప్రక్కల నడుమ 10 పౌనుల తేడా కలిగినను, 8 అంగుళముల వెడల్పుగల పొర వైశాల్యము దాదాపు 50 చదరపు అంగుళములు గనుక, 500 పౌనుల త్రోపు లభించును. ఇది ముగ్గురు మనుష్యుల బరువునకు మించినది.

ముఖ్యమైన సంగతి యొకటి గలదు. బూస్టరు చెడినంతమాత్రమున బ్రేకు చచ్చిపోదు, బరువెక్కును. పెడలు రాయివలె గట్టిపడును. ఇది తెలియని డ్రైవరు బ్రేకు పోయినదని బెదరి కాలు తీసివేయును. తెలిసినవాడు కాలిబలమంతయు నుపయోగించి బండిని నిలుపును. పాతకార్లలో బూస్టరు లేనివియు గలవు. వానికి పెడలు గట్టిగా నుండుట రోగము కాదు, స్వభావము.

ఇక పరీక్షలు. కారును సమతల ప్రదేశమున నిలిపి, గేరు తీసి, చేతిబ్రేకు వేయవలెను.

మొదటిది: ఇంజను ఆపియుండగా పెడలును అయిదాఱు మారులు నొక్కి విడువుడు. అది గట్టిపడిన పిదప, దానిపై కాలుంచియే ఇంజను నడపింపుడు. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు పని చేయుచున్నది. కదలకున్నచో సాయము అందుటలేదు.

రెండవది: ఇంజనును రెండు నిమిషములు నడిపి ఆపుడు. పిమ్మట పెడలును నొక్కి విడుచుచుండుడు. మొదటిసారి లోతుగా దిగి, తరువాత క్రమముగా పైపైననే నిలువవలెను. మొదటినుండియే గట్టిగా నున్నచో, డబ్బాలో పీల్పు నిలుచుట లేదని యర్థము.

మూడవది: ఇంజను నడచుచుండగా పెడలు నొక్కి, అట్లే పట్టి, ఇంజను ఆపి, అర నిమిషము వేచియుండుడు. పెడలు కదలరాదు. కాలిని పైకి నెట్టినచో లోపల గాలి చొరబడుచున్నది. పెడలు నొక్కియుంచినంతసేపు పాము బుసవంటి చప్పుడు వినబడుటయు, ఇంజను నడక తడబడుటయు పొర చిఱిగినదనుటకు గుర్తులు.

లోపము తెలిసిన వెంటనే క్రొత్త బూస్టరు కొనుటకు త్వరపడరాదు. ముందు రబ్బరు గొట్టమును చూడవలెను. ఏండ్లు గడచిన కొలది ఇంజను వేడికి అది పగులును, లేక మెత్తబడి లోపలికి అణగిపోవును. దాని బిగింపు వదులై యుండవచ్చును. ఇంజను నడచుచుండగా గొట్టము కొసను ఊడదీసి బొటనవ్రేలితో మూసినచో, వ్రేలిని గట్టిగా పీల్చవలెను. తరువాత డబ్బాకడనున్న చిన్న వాల్వును ఊది చూడవలెను. గాలి ఒకవైపునకే పోవలెను. ఇవి బాగుగ నున్నప్పుడే బూస్టరును శంకింపవలెను. బయట చెమ్మ లేకయే బ్రేకు ఆయిలు తఱుగుచున్నచో, మాస్టరు సిలిండరునుండి అది బూస్టరులోనికి కారుచున్నదేమో చూపించుకొనవలెను.

పెడలు చెప్పు మాటలు వేఱువేఱు. గట్టిగా నున్నచో సాయలోపమును, మెత్తగా నున్నచో ఆయిలులో గాలియును, నొక్కి పట్టినకొలది దిగిపోవుచున్నచో మాస్టరు సిలిండరు లోపమును గాని, ఆయిలు కారుటను గాని తలపవలెను. కడపటి రెండును మొదటిదానికన్న ప్రమాదకరములు.

కొందఱు డ్రైవర్లకు పెట్రోలు మిగులునని ఇంజను ఆపి కొండ దిగు నలవాటు గలదు. ఇది మిక్కిలి అనర్థదాయకము. ఇంజను ఆగినచో డబ్బాలో మిగిలిన బలము రెండు మూడు నొక్కుళ్లకే తీఱిపోవును. మలుపులు ఇంకను మిగిలియుండును. ఎక్కిన గేరులోనే దిగుట మేలు. అప్పుడు ఇంజనే బండిని పట్టి యుంచును, బ్రేకులు కాగవు. దారిలో పెడలు గట్టిపడినచో, కాలు తీయక బలముగా నొక్కుచు, గేరు తగ్గించి, చేతిబ్రేకును మెల్లమెల్లగా లాగుచు, కొండవైపున బండిని నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టవలెను.

స్వామి నిజరూపదర్శనము ఏటికొక్కసారి, అక్షయతృతీయనాడు లభించును. ఆనాడు గాని, మఱియొకనాడు గాని, కారు మాటాడుకొనునప్పుడు బాడుగ యెంతయని యడుగుటకు ముందు ఈ మూడు పరీక్షలు చేసి చూపుమని డ్రైవరును కోరుడు. అయిదు నిమిషములు పట్టును. పెద్దలడిగినచో కాదనువాడుండడు, కాదనినచో ఆ కారెక్కకుడు.