పెరిగే కంప్యూటరు

మా యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని పెద్దలంటారు. పెద్ద డెస్క్‌టాప్ కంప్యూటరున్న మిత్రులను "దీంట్లో మీకు బాగా నచ్చిందేమప్పా?" అని అడిగితే, వాళ్ళ జవాబూ ఇంచుమించు అదే: "ఇది పెరుగుతాది!" వేగం సంగతి ఆ తర్వాతే.

ఇదెట్లా సాధ్యం? మడక కర్రు అరిగితే కర్రు మారుస్తాం గాని మడకను పారేయం గదా! 1981లో ఐ.బి.ఎం. తన పి.సి.లో అదనపు కార్డుల కోసం అయిదు స్లాట్లు పెట్టింది. 1995లో ఇంటెల్ కంపెనీ మదర్‌బోర్డు సైజు, స్క్రూ రంధ్రాల చోటు నిర్ణయిస్తూ ఏ.టి.ఎక్స్. కొలతలు తెచ్చింది. అందువల్లనే ఒకరి బోర్డు ఇంకొకరి పెట్టెలో కుదురుతున్నది. మెమరీ చాలకుంటే మెమరీ, డిస్కు నిండితే డిస్కు విడిగా కొని బిగించుకోవచ్చు. పలుచని లాప్‌టాపులు చాలావాటిలో మెమరీని బోర్డుకే టంకం వేసేస్తారు. అక్కడ ఈ వీలు లేదు.

ఐతే ఒక మెలిక ఉంది. ప్రాసెసరు కూర్చునే సాకెట్ మారితే బోర్డూ మార్చాలి. 2017లో ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 బోర్డు కొన్నవారు చాలామంది, బయోస్ మార్చుకుని 2022 నాటి ప్రాసెసరు వేసుకోగలిగారు. అన్ని సాకెట్లకూ అంత ఆయుష్షు ఉండదు. కాబట్టి కొనేముందే అడిగి తెలుసుకోవాలి. పవర్ సప్లయిలో మాత్రం పిసినారితనం వద్దు. 2022లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్ల దాకా తాగుతుంది!

మావంటి రైతుబిడ్డలకు పంట డబ్బు ఏడాదికోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. అప్పు చేసి అంతా ఒకేసారి కొనడం దేనికి? మంచి బోర్డుతో మొదలుపెట్టి, శనగలు అమ్మిన ఏడు మెమరీ, పత్తి కలిసొచ్చిన ఏడు గ్రాఫిక్స్ కార్డు వేసుకుందాం. బసవన్న మాట ఎట్లున్నా, ఈ పెట్టె పెరగడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.